ముప్ఫై అంగుళాల హోదా

రాళ్ళవంకలోని జిల్లా నూనెగింజల అభివృద్ధి కార్యాలయంలో సూపరింటెండెంటు అనంతశయనం బల్ల సొరుగులో ఎర్ర చీటీల కట్ట ఒకటి ఉండేది. ఒక్కో చీటీ మీద 'అత్యవసరం' అని అచ్చు వేసి ఉంటుంది. ఆ చీటీ తగిలించిన ఫైలును పై అధికారులు మిగతా పనులన్నీ పక్కనపెట్టి చూడాలని నియమం. నియమం మీది గౌరవంతో అనంతశయనం వాటిని పొదుపుగా వాడేవాడు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో తగిలించినవి మొత్తం పదకొండు. అందులో మూడు ఒక్క ఉరుకుందమ్మ ఫైలుకే పోయాయి.

ఉరుకుందమ్మ కోరింది పెద్ద కోరికేమీ కాదు. ఊరికి ఆరు మైళ్ళ దూరంలో ఆమెకు మూడెకరాల పొద్దుతిరుగుడు చేను ఉంది. పువ్వు విచ్చి, గింజ పాలు పట్టే వేళకు చిలకలు దిగుతాయి. పోయినేడాది ఆమెకు పొట్టు తప్ప ఏమీ మిగల్చలేదు. చేను మీద కప్పే వలలను శాఖ ఉచితంగానే ఇస్తుంది. కార్యాలయం వెనక గోదాములో అవి నలభై కట్టలు పడి ఉన్నాయి కూడా. జాయింట్ డైరెక్టరు గజేంద్రనాథ్ గారు ఒక్క సంతకం పెడితే సాయంత్రానికి బండికెత్తుకుని పోవచ్చు.

"ఏం సార్, ఈ పొద్దన్నా అయితాదా?" అంటూ ఆమె ఆ సోమవారం కూడా వచ్చింది.

"పైకి పంపినానమ్మా. ఎర్ర చీటీ కూడా పెట్టినాను."

"ఎర్ర చీటీ పెడితే ఏమైతాది?"

"తొందరగా చూస్తారు."

"మూడు పెడితివి గదా సార్. మూడింతలు తొందరగా చూడాల్నే!"

మంచినీళ్ళ కుండ దగ్గర ముక్కాలిపీట మీద కూర్చున్న అటెండరు ఖాసింబీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఉరుకుందమ్మ నవ్వలేదు.

"పూలు విచ్చుకుంటాండాయి సార్. ఇంకో పదైదు దినాలకు పాలు పడతాయి. అంతలోకి వల రాకపోతే డబ్బా కొట్టుకుంటా నేను చేనంతా తిరగాల. ఈ పక్క తోలితే ఆ పక్క దిగుతాయి. నేనేమన్నా నలుగురినా?"

"పాలు పట్టేలోగా నీ వల నీకిస్తాను పోమ్మా," అన్నాడు అనంతశయనం.

మాటివ్వడం అతనికి అలవాటు లేదు. భార్య పోయిన ఈ మూడేళ్ళలో ఎవరికీ ఏదీ మాటిచ్చింది లేదు, అడిగినవాళ్ళూ లేరు. ఇచ్చాక కొంచెం భయం వేసింది. కొంచెం బాగా కూడా అనిపించింది.

ఆ మర్నాడే సర్క్యులర్ వచ్చింది.

కమిషనరు గారు ఎక్కడో సదస్సుకు వెళ్ళి, అక్కడ గాజు పూలవాజులో పెట్టిన పొద్దుతిరుగుడు పువ్వును చూసి ముచ్చటపడ్డారట. ఆ ముచ్చట ఇంటికి తీసుకుపోయి ఉంటే ఒక వాజుతో తీరిపోయేది. ఆఫీసుకు తీసుకొచ్చారు కాబట్టి పదకొండు పేజీలైంది.

'సూర్యకాంతి పుష్పము మన శాఖకు ముఖబింబము. పుష్పము వాడిన కార్యాలయమున పరిపాలన కూడా వాడినట్లు పరిగణించబడును. కావున ప్రతి అధికారి బల్లపైనను తాజా పుష్పమొకటి పుష్పపాత్రయందు అనునిత్యము ఉండవలెను' అని మొదలైంది. కాడ పొడవు హోదాను బట్టి ఉండాలట. కమిషనరుకు ముప్ఫై ఆరు అంగుళాలు, జాయింట్ డైరెక్టరుకు ముప్ఫై, డిప్యూటీ డైరెక్టరుకు ఇరవై నాలుగు, అసిస్టెంట్ డైరెక్టరుకు పద్దెనిమిది, సూపరింటెండెంటుకు పన్నెండు. ఆ కింది సిబ్బందికి పువ్వు లేదు. వారు పైవారి పువ్వులను చూసి ఆనందించవచ్చు.

పువ్వు వాడకుండా ఉండాలంటే కాడ చివరను రోజూ ఏటవాలుగా కోయాలని ఆ సదస్సులో ఎవరో చెప్పారు. అది నిజమే. అలా కోస్తే కాడ నీళ్ళు బాగా పీలుస్తుంది. ఎంత కోయాలో వాళ్ళు చెప్పలేదు కాబట్టి సర్క్యులరే చెప్పింది: రోజుకు మూడంగుళాలు. ఆ లెక్కన జాయింట్ డైరెక్టరు గారి పువ్వు రెండు రోజుల్లో ఇరవై నాలుగు అంగుళాలకు దిగిపోయి ఆయన బల్లకు అనర్హమవుతుంది. అప్పుడు దాన్ని డిప్యూటీ డైరెక్టరుకు బదిలీ చేయాలి. రెండు రోజుల తరవాత అసిస్టెంట్ డైరెక్టరుకు, ఆపైన సూపరింటెండెంటుకు. ఆరంగుళాలకు దిగిన పువ్వు సర్వీసు నుంచి తొలగినట్టే.

అనంతశయనం రెండుసార్లు చదివాడు. ఫైళ్ళు కింది నుంచి పైకి పోయే బల్లలూ, పువ్వులు పైనుంచి కిందికి దిగే బల్లలూ ఒకటేనని గమనించాడు. దిగడానికి పువ్వుకు ఎనిమిది రోజులు పడుతుంది. ఎక్కడానికి ఫైలుకు ఎన్ని పడుతుందో సర్క్యులర్ ఎక్కడా చెప్పలేదు.

గజేంద్రనాథ్ గారు అతన్ని గదిలోకి పిలిచి, పుష్ప తాజాదన నోడల్ అధికారిగా నియమించారు.

"అనంతశయనం గారూ, దీన్ని మీరు పువ్వు అనుకోకండి. ఇది పాలసీ."

"అలాగే సార్. పూలకు మన ఉరుకుందమ్మ చేనుంది. ఆమె వలల ఫైలు తమ దగ్గరే..."

"వల తరవాత. ముందు పువ్వు."

విషయం విని ఉరుకుందమ్మ చెయ్యి బుగ్గన పెట్టుకుంది. "ఆఫీసులో పూలేంది సార్? ఏం చేస్తారు వాటితో?"

"చూస్తారు."

"చూసుకోనీ పాపం. చిలకలు తినేదానికన్నా మేలే గదా. మా ఫైలును కూడా అట్లే చూడమను."

రోజు మార్చి రోజు తెల్లవారుజామునే కోసి, తడి గోనెపట్టలో చుట్టి, మొదటి బస్సుకు ఆమే తెచ్చి ఇచ్చేది. పువ్వును ఎండ ఎక్కకముందే కోయాలని ఆమెకు ఏ సదస్సూ చెప్పలేదు.

మొదటి వారంలోనే ఒక ప్రమాదం జరిగింది. ఫ్యాను గాలికి ఒక ఫైలు రెపరెపలాడి జాయింట్ డైరెక్టరు గారి వాజును తాకింది. వాజు పడలేదు, ఊగింది. మధ్యాహ్నానికి మెమో వచ్చింది. వాజు చుట్టూ మూరెడు మేర పుష్ప భద్రతా వలయం, ఆ వలయంలోకి పుష్పానికి సంబంధించని కాగితం ఏదీ రాకూడదు. వాజు బల్ల నడిమధ్యలో ఉంటుంది. మూరెడు వలయం బల్ల అంచుల దాకా వచ్చింది. అందువల్ల ఫైళ్ళను కుర్చీల మీద పెట్టారు. కుర్చీలు నిండాక నేల మీద పెట్టారు. నేల మీది కాగితానికి వంగి సంతకం పెట్టడం హోదాకు తగదు కాబట్టి సంతకాలు ఆగిపోయాయి. ఉరుకుందమ్మ ఫైలు మూడు ఎర్ర చీటీలతో కిటికీ కింద, అడుగునుంచి నాలుగోదిగా ఉంది. అనంతశయనం తలుపు సందులోంచి రోజూ దాన్ని చూసి వచ్చేవాడు.

రెండో వారంలో గజేంద్రనాథ్ గారు బంధువుల గృహప్రవేశానికి సెలవు పెట్టి, గదికి తాళం వేసుకుని వెళ్ళారు. డిప్యూటీ డైరెక్టరు సత్యవ్రతం గారు ఇన్‌చార్జి అయ్యారు. అవుతూనే అనంతశయనాన్ని పిలిచారు.

"ఇన్‌చార్జి అంటే పూర్తి అదనపు బాధ్యతలు కదండీ?"

"అవును సార్."

"మరి నా పువ్వు ఇరవై ఒక్క అంగుళాలే ఉందే?"

"కోసిన కాడ పెరగదు సార్."

"పెరగమని ఎవరన్నారు? పొడిగించండి. సర్వీసులు పొడిగించడం లేదూ?"

ఖాసింబీ బూజుకర్ర చివర తొమ్మిది అంగుళాలు విరిచి తెచ్చింది. దాన్ని పువ్వు కాడకు ఫైళ్ళు కట్టే దారంతో కట్టి వాజులో నిలబెట్టారు. స్కేలు పెట్టి చూస్తే సరిగ్గా ముప్ఫై. సత్యవ్రతం గారు తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలారు. అయితే వాజులో కర్ర కిందా, కాడ పైనా ఉన్నాయి. నీళ్ళు కర్రకు అందాయి, కాడకు అందలేదు. మధ్యాహ్నానికి పువ్వు చచ్చిపోయింది. కర్ర మాత్రం సాయంత్రం దాకా నవనవలాడుతూనే ఉంది.

ఆ సందులోనే అనంతశయనం వలల మాట ఎత్తాడు.

"ఇన్‌చార్జిగా ఉన్నవాళ్ళం విధాన నిర్ణయాలు చేయకూడదండీ," అన్నారు సత్యవ్రతం గారు.

"వల విధానం కాదు గదా సార్. వలే గదా."

"వల చిన్నదే. సంతకం పెద్దది."

గజేంద్రనాథ్ గారు తిరిగొచ్చి తాళం తీసేసరికి ఆయన పువ్వు తల వాల్చేసి ఉంది. నాలుగు రోజులుగా నీళ్ళు మార్చలేదు, కాడ కోయలేదు. గదంతా మురుగు వాసన. అనంతశయనానికి వెంటనే మెమో అందింది. 'తమ సంరక్షణలోని పుష్పము ఉన్నతాధికారి సమక్షమున తల వాల్చినది. దీనిని నిర్లక్ష్యముగా ఏల పరిగణింపరాదో సంజాయిషీ ఇవ్వవలెను.'

చాలా సేపు ఆలోచించి అతను రెండు వాక్యాలు రాశాడు. 'పుష్పము వాడి వాలలేదు. తమరు గదిలోనికి విచ్చేసినందున వినయముతో వంగినది.'

సంజాయిషీ సంతృప్తికరంగా ఉందని జవాబు వచ్చింది. అంతటితో ఆగితే బాగుండేది. మర్నాడు గజేంద్రనాథ్ గారు పక్క గదిలోకి వెళ్ళినప్పుడు సత్యవ్రతం గారి కొత్త పువ్వు నిటారుగా నిలబడి ఉంది. సత్యవ్రతం గారికి మెమో అందింది.

ఇన్ని బల్లల మీదా ఇన్ని అవస్థలు పడిన పువ్వులు ఆరంగుళాలకు దిగి చెత్తబుట్టకు చేరవలసిన రోజున ఖాసింబీ చేతికి వచ్చేవి. ఆమెకు పారేయబుద్ధి కాలేదు.

"తల బాగానే ఉంది గదా సార్ పాపం. కాడ పొట్టిదయితే ఏమి, పెండ్లికి పోతాదా?"

తను టీ తాగే స్టీలు గ్లాసును చింతపండుతో తళతళా తోమింది. కాడకు మిగిలిన ఆకులు తీసేసింది. చివరను నీళ్ళలోనే ముంచి చిటికెడు కోసింది. తల వాలకుండా గ్లాసు అంచుకు ఆనించి, ముక్కాలిపీట పక్కన నీడలో పెట్టింది. పొద్దునోసారి, సాయంత్రమోసారి పాత నీళ్ళు పారబోసి కుండలోని నీళ్ళు పోసింది. రెండో రోజుకు పువ్వు తలెత్తింది.

అనంతశయనం మధ్యాహ్నం క్యారియరు అక్కడికే తెచ్చుకునేవాడు. ఖాసింబీ తన డబ్బాలోంచి గోంగూర పచ్చడి కొంచెం అతని అన్నం అంచున వేసేది. అడిగి వేయడం, వద్దనడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు. అన్నం తింటూ గ్లాసులో పువ్వును చూస్తుంటే, తన సంరక్షణలో లేనిది ఒక్కటైనా బాగున్నందుకు అతనికి హాయిగా ఉండేది.

"ఏం చేస్తావు ఖాసింబీ దీనికి?"

"ఏం చేస్తా సార్? నీళ్ళు మారుస్తా."

సరిగ్గా పధ్నాలుగో రోజున ఉరుకుందమ్మ మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. ఈసారి గోనెపట్ట లేదు. మొదలుకంటా కోసిన నిలువెత్తు చెట్టు ఒకటి భుజాన వేసుకొచ్చి అనంతశయనం బల్ల మీద పడేసింది. పువ్వులో ఒక పక్క గింజలు ఊడి తెల్లగా ఉంది.

"చూడు సార్. పాలు పడతాండాయి. ఈ పొద్దు పది చిలకలు వచ్చినాయి. పది వచ్చిపోయినాయంటే రేపు నూరు పిలుచుకొస్తాయి. మాటిచ్చినావు నువ్వు."

 ఏమీ తోచనప్పుడు చేతులు అలవాటైన పనే చేస్తాయి. రెండు వారాలుగా వాటికి అలవాటైంది కాడలు కొలవడం. అనంతశయనం టేపు తీసి చెట్టును కొలిచాడు. అరవై రెండు అంగుళాలు. నోడల్ రిజిస్టరులో రాయబోయి ఆగాడు. సర్క్యులర్ తీసి హోదాల పేజీ చూశాడు. మళ్ళీ చెట్టును చూశాడు.

"కూర్చోమ్మా," అన్నాడు. "ఖాసింబీ, ఈమెకు కాసిన్ని నీళ్ళియ్యి." ఇరవై నిమిషాల్లో నోట్ రాసేశాడు.

'జాయింట్ డైరెక్టరు గారికి సమర్పణ. ముప్ఫై అంగుళాల పుష్పము తమ హోదాకు చెందినది. ముప్ఫై ఆరు అంగుళాలది కమిషనరు గారి హోదాకు చెందినది. ఉరుకుందమ్మ చేనిలోని పుష్పములు అరవై రెండు అంగుళాలు ఉన్నవి. కనుక అవి కమిషనరు గారి కన్న ఎంతో పై హోదాకు చెందినవని తేలుచున్నది. ఆ హోదా ఎవరిదో ఊహించుటకు ఈ విభాగమునకు ధైర్యము చాలకున్నది. ప్రస్తుతము వాటిని చిలకలు తినుచున్నవి. ఆదేశములకై.'

ఎర్ర చీటీ పెట్టలేదు. పైన ఒక పసుపుపచ్చ పూరేకు అంటించాడు. పుష్ప సంబంధమైన కాగితం కావడంతో అది భద్రతా వలయంలోకి నేరుగా వెళ్ళింది.

గజేంద్రనాథ్ గారు చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచారు.

"ఎంతమంది... ఎన్ని ఉన్నాయి?"

"ఎకరాకు ఇరవై వేలు సార్. అరవై వేల దాకా ఉంటాయి."

"అరవై వేలు! వాటిని చిలకలు తింటున్నాయా! మన జిల్లాలో! నలభై కట్టలూ పంపించెయ్యండి. కాగితం ఏదీ? కలం ఏదీ?"

ఉరుకుందమ్మ ఫైలు కిటికీ కింద నుంచి లేచి వచ్చింది. ఆయన నిలబడే సంతకం పెట్టారు. పెట్టి, తానే జీపు ఎక్కారు. ఉరుకుందమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టారు.

జీపు చేనికి పడమటి వైపు ఆగింది. పూత ముదిరిన పొద్దుతిరుగుడు తూర్పుకే మొహం పెట్టి నిలబడిపోతుంది. అరవై వేల పువ్వులూ గజేంద్రనాథ్ గారికి వీపులు పెట్టి ఉన్నాయి.

"ఇవేమిటి, మనవైపు చూడవా?" అన్నారు ఆయన గొంతు తగ్గించి.

"చాలా పైస్థాయివి గదా సార్," అన్నాడు అనంతశయనం.

గజేంద్రనాథ్ గారికి అర్థమైంది. ఆయన కూడా మొహమెత్తి చూడని కిందివాళ్ళు చాలామంది ఉన్నారు. ముళ్ళకంచె వెంబడి చేను చుట్టి తూర్పు గట్టుకు వెళ్ళి, ఒక నిమిషం చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఉరుకుందమ్మ అనంతశయనం పక్కకు జరిగి, "ఏమైంది సార్ ఈయనకు, మొక్కుబడా?" అని అడిగింది. సాయంత్రానికి చేనంతా వల పరుచుకుంది. చిలకలు పైన రెండు చుట్లు తిరిగి, తిట్టుకుంటూ పోయాయి.

తరవాతి వారం కమిషనరు గారు తనిఖీకి వచ్చారు. గది గదికీ వెళ్ళి చూశారు. జాయింట్ డైరెక్టరు గారి పువ్వు వినయంతో వంగి ఉంది. డిప్యూటీ డైరెక్టరు గారి పువ్వు మెమో అందినప్పటి నుంచి ఇంకా ఎక్కువ వినయంతో ఉంది. అసిస్టెంట్ డైరెక్టరు గారిది సాష్టాంగపడింది. కమిషనరు గారు మొహం ముడుచుకుని వసారాలోకి వచ్చి, మంచినీళ్ళ కుండ దగ్గర ఆగిపోయారు.

"ఈ పువ్వు ఎవరిది?"

"అది సర్వీసులో లేని పువ్వు సార్," అన్నారు గజేంద్రనాథ్ గారు కంగారుగా.

"నాదే సార్," అంది ఖాసింబీ. "పదమూడు దినాలాయ కోసి."

"పదమూడు రోజులా! రహస్యమేమిటి?"

"నీళ్ళు మారుస్తా సార్."

కమిషనరు గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. వెంట వచ్చిన వాళ్ళు కలాలు తీశారు. "కాదు," అన్నారాయన కళ్ళు తెరిచి. "రహస్యం పొడవులో ఉంది. పొట్టిగా ఉంది కనుకనే తాజాగా ఉంది."

నాలుగో రోజుకు కొత్త సర్క్యులర్ దిగింది. హోదా పెరిగేకొద్దీ కాడ తగ్గాలి. కమిషనరుకు నాలుగంగుళాలు, జాయింట్ డైరెక్టరుకు ఆరు. అధికారులంతా స్టీలు గ్లాసులు వాడాలి. అటెండర్లకు ముప్ఫై అంగుళాల పువ్వు, గాజు వాజు.

గజేంద్రనాథ్ గారు టీ గ్లాసు ఎదురుగా కూర్చుని అనంతశయనాన్ని పిలిచారు. భద్రతా వలయం ఇప్పుడు బెత్తెడే కావడంతో బల్ల మీద చోటు బోలెడుంది.

"ఆ చేనిలోవి అరవై రెండు అంగుళాలన్నారు కదూ?"

"అవును సార్."

"అంటే అటెండర్ల కంటే కింద. వాళ్ళకు మనం వలలు కప్పామన్నమాట! ఎవరికైనా తెలిస్తే ఏమన్నా ఉందా? వెంటనే వెనక్కి తెప్పించండి. పద్ధతి ప్రకారం ఫైలు పెట్టండి."

అనంతశయనం బయటికి వచ్చాడు.  గింజ గట్టిపడటానికి ఇంకా మూడు వారాలైనా కావాలి. వల ఇప్పుడు లాగేస్తే చిలకలకు విస్తరి వేసినట్టే. బల్ల ముందు కూర్చుని, ఆయన చెప్పిన చివరి మాట మళ్ళీ గుర్తు చేసుకున్నాడు. పద్ధతి ప్రకారం.

ఫైలు పద్ధతి ప్రకారమే పెట్టాడు. ఎక్కడా ఒక్క అబద్ధం రాయలేదు, ఒక్క కాగితం దాచలేదు. మామూలు ఫైలులా పైకి పంపాడు. అసిస్టెంట్ డైరెక్టరు గారు, వలలను తడిపి తేవాలా పొడిగా తేవాలా అని మార్జిన్లో రాసి వెనక్కి పంపారు. 'పొడిగా' అని రాసి అనంతశయనం మళ్ళీ పంపాడు. డిప్యూటీ డైరెక్టరు గారు, 'వెనక్కి' అంటే చేను నుంచా, ఊరి నుంచా అని అడిగారు. అతను వివరంగా జవాబు రాశాడు. పొడి వలలు అన్నప్పుడు మంచు మాటేమిటని మళ్ళీ అసిస్టెంట్ డైరెక్టరు గారికి సందేహం వచ్చింది. ఫైలు తిరిగొచ్చిన ప్రతిసారీ అనంతశయనం సొరుగు తెరిచి, ఎర్ర చీటీల కట్టను చూసి, సొరుగు మూసేవాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా తను విసుక్కున్న ఆలస్యం ఇంత మెత్తగా, ఇంత దయగా ఉంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

ఇరవై నాలుగో రోజు మధ్యాహ్నం ఆఫీసు ముందు ఎద్దుల బండి ఆగింది. ఉరుకుందమ్మ కొంగులో ఏదో మూట కట్టుకుని లోపలికి వచ్చింది.

"కోసినా సార్. కొట్టినా. తూర్పార పట్టినా. చెయ్యి పట్టు."

అతని దోసిట్లో నల్లటి గింజలు పోసింది. గట్టిగా, బరువుగా, వెచ్చగా ఉన్నాయి.

"మీ వలలు బండిలో ఉండాయి, మడత పెట్టి తెచ్చినా. యాడ పడేయమంటావు?"

"గోదాములో ఖాసింబీ చూపిస్తుంది పో తల్లీ."

ముప్ఫై అంగుళాల పువ్వున్న తన గాజు వాజుకు నీళ్ళు మారుస్తున్న ఖాసింబీ లేచి తాళాలు తీసుకుంది. అనంతశయనం గింజలు జేబులో పోసుకుని, చేతులు తుడుచుకుని, సొరుగు తెరిచాడు. వలలు వాపసు తెప్పించే ఫైలుకు తన సర్వీసులో పన్నెండో ఎర్ర చీటీ తగిలించాడు.

"ఇప్పుడెందుకు సార్ అది?" అంది ఖాసింబీ గుమ్మంలో ఆగి.

"అత్యవసరం," అన్నాడు అనంతశయనం.

గజేంద్రనాథ్ గారు మిగతా పనులన్నీ పక్కనపెట్టి ఫైలు చూశారు. బల్ల మీద చోటుంది కనుక వెంటనే సంతకం పెట్టారు. నలభై కట్టలూ గోదాముకు చేరినట్టు అరగంటలో నివేదిక వచ్చింది. ఆదేశం వెలువడిన అరగంటలోనే అమలు జరగడం శాఖ చరిత్రలో ఇదే మొదటిసారని పొగుడుతూ సాయంత్రం ప్రశంసాపత్రం పంపించారు. అనంతశయనం దాన్ని మడిచి, వసారాలో ఖాసింబీ ముక్కాలిపీట మీద పరిచాడు. ఇద్దరూ గింజలు ఒలుచుకు తింటూ పొట్టు అందులో వేశారు.